పదకొండో నంబరు వేలు

“పారిపోయేవాడు హాజరు వేసి మరీ పారిపోతాడా అమ్మా?”

ప్రశ్న వేసిన డిటెక్టివ్‌కి ఊళ్లో జలగ అని పేరు. పట్టుకుంటే వదలడని ఎవరో పెట్టారు, అదే ఖాయమైపోయింది. ఎదురుగా మాత్రం ఎవరూ అనరు. చూడ్డానికి పెన్షన్ కోసం వరుసలో నిలబడ్డ పెద్దాయనలా ఉంటాడు. ఎక్కడికెళ్లినా టీ అడుగుతాడు, తాగడు. ఆ టీ చల్లారేలోగా ఎదుటివాళ్లు ఒక్క నిజమైనా కక్కాలి, అదీ ఆయన లెక్క.

ఓనరమ్మ ఆ టీ వైపే చూస్తూ కూర్చుంది. పనిరోజయినా రెస్టారెంటు తెరవలేదు. కుర్చీలన్నీ తలకిందులై బల్లల మీదే ఉన్నాయి. ఈపాటికి వంటింట్లో గరిటెల మోత, కేకలు, తిట్లు వినిపించాలి. ఇవాళ ఏమీ లేవు. వంటవాళ్లందరినీ తమ్ముడు పొద్దున్నే ఇంటికి పంపేశాడు.

“అలవాటు కొద్దీ వేసి ఉంటాడండీ,” అన్నాడు తమ్ముడు. మేనేజరు అతనే. ఎడమ చేతికి మణికట్టు దాకా తెల్లగా కట్టు ఉంది. “రోజూ పోయేముందు వేలు పెడతాడు, నిన్నా పెట్టాడు. రాత్రి పది దాటాక పన్నెండు నిమిషాలకి పదకొండో నంబరు బయటికి పోయినట్టు మెషీన్ చెబుతోంది. ఇంకేం కావాలి? ముందు గల్లాపెట్టె చూసుకోవాలి మనం.”

“నోరు ముయ్యరా,” అంది ఓనరమ్మ. “గిన్నెల మామ గల్లా ముట్టుకుంటాడా? పదిహేనేళ్లలో ఒక్క చెంచా పోలేదు.”

గిన్నెల మామ అంటే ఆ రెస్టారెంటులో గిన్నెలు తోమే మనిషి. అందరికీ మామే. నోట్లో నాలుక లేని మనిషి. రాత్రి ఇంటికి చేరలేదు. తెల్లారేసరికి ఆయన పెళ్లాం వచ్చి వెనక మెట్ల మీద కూర్చుంది. స్టేషన్‌కి వెళ్తే, పెద్దవాడే కదమ్మా, సాయంత్రం దాకా చూడండని పంపేశారు. అప్పుడు జలగకి ఫోన్ చేసింది ఓనరమ్మ. తమ్ముడు వద్దన్నాడు. వద్దంటే ఎందుకు వద్దంటున్నాడో ఆ కంగారులో ఆవిడ అడగలేదు.

డిటెక్టివ్ జేబులోంచి కళ్లజోడు తీసి, మెషీన్‌లోంచి తీయించిన హాజరు కాగితాన్ని బల్ల మీద పరిచాడు.

“జీతాలు ఎవరు చూస్తారు?”

“మా తమ్ముడే. నేను సంతకం పెడతాను.”

“చదివి పెడతారా?”

ఓనరమ్మ కొంగు సర్దుకుంది.

“నేను మిల్లులో జీతాల గుమస్తాగా చేశానమ్మా, ఈ పనిలోకి రాకముందు. చదవకుండా పెట్టిన సంతకమంత ఖరీదైంది ప్రపంచంలో ఇంకోటి లేదు.” వేలితో కాగితం మీద గీత గీసినట్టు కిందికి జరిపాడు. “ఇందులో ఓ చిత్రం ఉంది. వంటవాడు ఒకరోజు ముందొస్తాడు, ఒకరోజు ఆలస్యం. వడ్డించే కుర్రాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. మనుషులన్నాక అంతే. ఈ రెండో నంబరూ, పదకొండో నంబరూ మాత్రం ఏడాదిగా కవల పిల్లలు. ఒకరొచ్చిన నిమిషానికి ఇంకొకరొస్తారు. ఒకరు పోయిన నిమిషానికి ఇంకొకరు పోతారు. రెండో నంబరు ఎవరు?”

“నేనే,” అన్నాడు తమ్ముడు. “మామ మర్చిపోతాడని నేనే పిలిచి వేయిస్తా. అందుకని.”

“మంచిపని. మరి నిన్న కవలలు విడిపోయారేం? మీరు తొమ్మిదిన్నరకే పోయారు. ఆయన పదీ పన్నెండుకి.”

“చెయ్యి కాలింది. ఫ్రయ్యర్ నూనె చింది పడితే డాక్టర్ దగ్గరికి పోయా.”

“అయ్యో,” అన్నాడు డిటెక్టివ్. ఆ అయ్యోలో జాలి ఎంతో ఆయనకే తెలియాలి.

ఓనరమ్మ కాగితం మీంచి చూపు తిప్పుకుంది. ఆ కవలల సంగతి ఈ ప్రపంచంలో ముగ్గురికి తెలుసు. తనకి, తమ్ముడికి, మామకి.

కిందటేడు కొత్త నిబంధన వచ్చింది. పనివాళ్ల హాజరు వేలిముద్రల మెషీన్‌లోనే పడాలి, దాని ప్రకారమే జీతం లెక్కకట్టాలి. వంటింటి నడవాలో గోడకి డబ్బా బిగించారు. వేలు పెడితే గుర్తుపట్టి ఆడగొంతుతో ‘థాంక్యూ’ అంటుంది. గుర్తుపట్టకపోతే ‘ట్రై అగైన్’ అంటుంది. అందరికీ థాంక్యూలే. గిన్నెల మామకి మాత్రం ఏ వేలు పెట్టినా ట్రై అగైనే. ఏళ్ల తరబడి వేడినీళ్లలో, సబ్బులో నానిన వేళ్లు. గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. కుర్రాళ్లు చుట్టూ చేరి నవ్వారు. మామ కూడా నవ్వాడు గానీ, ఓనరమ్మ దగ్గరికొచ్చి చిన్న గొంతుతో, “నేనున్నానో లేదో ఆ డబ్బాకి తెలియట్లేదమ్మా,” అన్నాడు.

వేలిముద్ర పడని వాళ్లకి కార్డు ఇవ్వొచ్చట. దానికి అర్జీ పెట్టాలి, ఆఫీసు చుట్టూ తిరగాలి. భోజనాల వేళకి జనం విరగబడి ఉన్నారు, ఎవడు తిరుగుతాడు? “ఒరేయ్, నీ వేలేదో ఒకటి పెట్టెయ్‌రా మామ పేరు మీద,” అని ఆవిడే అంది. తమ్ముడి కుడి బొటనవేలు రెండో నంబరు. ఎడమ చిటికెన వేలు పదకొండో నంబరయింది.

అంతే. ఒక్క మాట. దొంగ హాజరు కింద లైసెన్సు ఊడగొట్టడానికి ఆ ఒక్క మాట చాలు. అది చెబితే తన మెడకి ఉరి. కానీ ఇప్పుడు ఆవిడ్ని భయపెడుతున్నది లైసెన్సు కాదు. తమ్ముడు తొమ్మిదిన్నరకే పోతే, పదీ పన్నెండుకి వాడి చిటికెన వేలు ఇక్కడెలా ఉంది?

ఆ ఆలోచనని ఆవిడ గడప దాటి లోపలికి రానివ్వలేదు. అమ్మ పోయినప్పుడు వాడికి నాలుగేళ్లు. అన్నం ముద్దలు కలిపి పెట్టి పెంచిన చేతులివి. వాడు అబద్ధాలాడతాడు, అప్పులు చేస్తాడు, అన్నీ తెలుసు. ఇది మాత్రం కాదు, కాకూడదు అనుకుంది.

“గిన్నెలు తోమే చోటు చూద్దాం,” అంటూ డిటెక్టివ్ లేచాడు. టీ మీద మీగడ కట్టింది.

*

వెనక గదిలో రెండు తొట్లు, పైన ఆరబెట్టే బల్ల, మూలన చీపుళ్లు. ఎడమ తొట్టిలో సగం తోమిన పెద్ద గిన్నె అలాగే ఉంది. నీటి మీద నూనె గడ్డకట్టి తేలుతోంది.

వెనక తలుపు దగ్గర మెట్ల మీద మామ పెళ్లాం. ఒళ్లో మగవాళ్ల చెప్పుల జత పెట్టుకుని కూర్చుంది. డిటెక్టివ్‌ని చూసి లేవబోతే, ఆయనే ఆవిడ పక్కన మెట్టు మీద కూలబడ్డాడు.

“ఎక్కడివమ్మా ఆ చెప్పులు?”

“ఇక్కడే, ఈ తలుపు పక్కన ఉన్నాయి బాబూ. మా ఆయనవే. లోపలికి రాగానే ఇవి విడిచి రబ్బరు బూట్లు వేసుకుంటాడు. పోయేటప్పుడు అవి విడిచి ఇవి వేసుకుంటాడు. బూట్లు కనపట్లేదు. చెప్పులు ఉన్నాయి.” చెప్పుల మీది దుమ్ము కొంగుతో తుడిచింది. “ఆ బూట్లతో పది అడుగులు నడిస్తే కాళ్లు పొక్కిపోతాయంటాడు. వాటితో ఎక్కడికి పోతాడు?”

“తోమే గిన్నె సగంలో వదిలేసే అలవాటుందా?”

“ఇల్లు తగలబడుతున్నా వదలడు.”

“నిన్న ఏమైనా అన్నాడా, ఇంట్లోంచి వచ్చేముందు?”

ఆవిడ ఓనరమ్మ వైపు చూసి తల దించుకుంది.

“చెప్పు అత్తా,” అంది ఓనరమ్మ. “నా ముందు భయమేంటి?”

“వచ్చేవారం పై ఆఫీసు నించి వస్తారటగా అమ్మా, ఒక్కొక్కళ్లనీ కూర్చోబెట్టి అడుగుతారటగా. ఈసారి అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తానన్నాడు. కాయితం మీద రాసే జీతం ఒకటి, మా చేతికొచ్చేది అందులో సగం. అడిగితే మీ తమ్ముడు చినబాబుగారు, అక్క అంతే ఇమ్మంది అంటారట.” కళ్లు తుడుచుకుంది. “మీ మీద చెప్పాల్సొస్తుందని రాత్రంతా నిద్రపోలేదమ్మా ఆయన. మీ ఉప్పు తిన్నాడు కదా. అందుకే ముందు చినబాబుగారితోనే ఓ మాట చెబుతానని పోయాడు.”

ఓనరమ్మ గోడ పట్టుకుని నిలబడింది. అక్క అంతే ఇమ్మంది. నెలనెలా తను సంతకం పెట్టిన కాగితం మీద పూర్తి జీతమే ఉంది. పీఎఫ్ ఉంది, ఓవర్‌టైమ్ కూడా ఉంది. అంతా నిబంధనల ప్రకారం ఉందని గర్వపడింది కూడా. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టలేకపోవడం వేరు, ఆ దొంగకి తనే తాళాలిచ్చి కూర్చోబెట్టడం వేరు. ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి, రెండిటినీ మింగేసింది.

డిటెక్టివ్ అప్పటికే నేల మీద వంగి ఉన్నాడు. తెల్లటి టైల్స్ మీద, తొట్టి దగ్గర్నుంచి నడవా వైపు రెండు నల్లటి గీతలు. కాస్త దూరం పోయాక చెరిపేసినట్టు మసకగా ఉన్నాయి. వేలిని ఉమ్మితో తడి చేసుకుని రుద్దాడు.

“రబ్బరు. నడిచే మనిషి బూటు ఇలా గీత గీయదు. మడమలు ఈడిస్తేనే గీస్తుంది.” మూలనున్న తుడుపు గుడ్డ పిండి చూశాడు. నీళ్లు కారాయి. “పొద్దున ఎవరైనా తుడిచారా? వంటవాళ్లెవరూ లోపలికి రాలేదన్నారుగా?”

తమ్ముడు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. “నేనే, టీ ఒలికితే తుడిచా.”

“శుభ్రమైన మనిషివి.” డిటెక్టివ్ చేతులు కడుక్కుందామని కుళాయి తిప్పాడు. బుస్సుమని గాలి వచ్చింది తప్ప నీటి చుక్క రాలేదు. గోడ మీది స్విచ్చుల వైపు చూశాడు. “మోటారు ఆపేసి ఉందే. ఎప్పుడు ఆపారు?”

“రాత్రే. నేను పోతూ ఆపేశా,” అన్నాడు తమ్ముడు.

ఓనరమ్మ ఆ మాట విన్నది. విన్నదిగానీ, అది చెవి దాకా వచ్చి ఆగిపోయింది.

గీతలు పోతున్న దారినే డిటెక్టివ్ నడవాలోకి నడిచాడు. వేలిముద్రల డబ్బా దాటాక, ఖాళీ సీసాల క్రేట్లు మనిషి ఎత్తున పేర్చి ఉన్నాయి. వాటి వెనక కిందికి దిగే మెట్లు.

“కింద ఏముంది?”

“పాత కోల్డ్ రూమ్,” అన్నాడు తమ్ముడు. “మెషీన్ పాడయ్యాక విరిగిన కుర్చీలు పడేశాం. తాళంచెవి పోయి ఏడాదయింది.”

“ఈ క్రేట్లు రోజూ ఇక్కడే ఉంటాయా అమ్మా?”

ఉండవు. దొడ్లో ఉంటాయి. ఓనరమ్మ నోరు తెరిచింది. తమ్ముడు ఆవిడ వైపు చూశాడు. చిన్నప్పుడు ఏదైనా పగలగొట్టి, నాన్నకి చెప్పొద్దక్కా అని చూసే చూపు.

“ఒక్కోసారి పెడతాం,” అంది. అన్న మరుక్షణం ఆవిడకి తన మీద తనకే అసహ్యం వేసింది.

డిటెక్టివ్ పైనున్న క్రేటు మీద చెయ్యి వేశాడు. అప్పుడే వెనకనించి గట్టిగా చప్పట్లు వినిపించాయి.

*

“బాగుంది, బాగుంది. జలగ గారు వచ్చేశారన్నమాట!”

చప్పట్లు కొట్టింది లేబర్ ఆఫీసరు. ఇస్త్రీ నలగని చొక్కా, చంకలో తోలు సంచీ. ఏటా వచ్చి కాగితాలు చూసి, భేష్ అని సంతకం పెట్టి పోయే పెద్దమనిషి. అందరినీ హాల్లోకి నడిపించి, తమ్ముడు కూర్చోమన్నా కూర్చోకుండా సంచీలోంచి లక్క, గుడ్డ పట్టీలు తీసి గల్లా బల్ల మీద పెట్టాడు.

“అందరూ బయటికి నడవండి. పనివాడు కనపడకుండా పోయాడని నాకు కబురొచ్చింది. పై ఆఫీసు వాళ్లొచ్చేదాకా రికార్డులు ఎవరూ కదిలించకూడదు. సీలు వేస్తున్నా.”

“ఎప్పటిదాకా?” అన్నాడు డిటెక్టివ్.

“వచ్చేవారం దాకా.”

“మనిషి కనపడకపోతే మనిషిని వెతకాలి గానీ, ఇంటికి సీలు వేస్తారా?”

“చూడండి, మిల్లులో కూడా మీరిలాగే నాకు అడ్డం పడ్డారు. ఇది గవర్నమెంటు పని. మీరు ప్రైవేటు మనిషి. మీకిక్కడ ఏ హక్కూ లేదు.”

“ఉంది. అడిగే హక్కు. చెప్పకుండా ఉండే హక్కు మీకుంది. ఇద్దరం వాడుకుందాం. ఆ కింద గది చూసి వచ్చేస్తాను, పది నిమిషాలు.”

“చూడ్డానికేముంది అక్కడ? తాళం వేసిన గదిలోకి ఎవడు పోతాడు?”

డిటెక్టివ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తీరిగ్గా, ఒక అద్దం తర్వాత ఇంకో అద్దం.

“తాళం వేసుందని మీకెవరు చెప్పారు?”

“తనిఖీలకి రానా నేను? ప్రతి గదీ తెలుసు.” ఆఫీసరు గొంతు హెచ్చింది. “ఆ క్రేట్ల మీద చెయ్యి వేస్తే ప్రభుత్వ విధులకి ఆటంకం కింద లోపల వేయిస్తా. ఏమ్మా, లైసెన్సు మీకు కావాలా, అక్కర్లేదా?”

కావాలి. పదిహేడేళ్ల కష్టం అది. ఓనరమ్మకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎటు చూసినా అడుగు పడటం లేదు.

“సరే, సీలు వేసుకోండి,” అన్నాడు డిటెక్టివ్. అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఎవరూ అనుకోలేదు. “పోయేముందు ఒక్క సరదా. మేనేజరుగారూ, ఆ డబ్బా మీద మీ వేలు పెట్టండి. అది మీ హాజరు వేస్తుందో, వేరేవాళ్లది వేస్తుందో చూసి నా దారిన నేను పోతా.”

తమ్ముడు ఆఫీసరు వైపు చూశాడు. ఆఫీసరు కానిమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. తమ్ముడు ధీమాగా నడిచి, కుడి బొటనవేలు పెట్టాడు.

‘థాంక్యూ’ అంది డబ్బా. తెర మీద రెండు అంకె పచ్చగా వెలిగింది.

“తీరిందా సరదా?” ఆఫీసరు నవ్వాడు. “కవలలనీ, గాడిదగుడ్డనీ కాగితాలు పట్టుకుని తిరుగుతున్నాడట. ఆయన నంబరు ఆయనకే ఉంది.”

“మనిషికి పది వేళ్లుంటాయి,” అన్నాడు డిటెక్టివ్.

తమ్ముడు కట్టు కట్టిన చేతిని వెనక్కి దాచుకున్నాడు. ఎవరూ ఆ చెయ్యి అడగలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది వాడి పని. “ఇది విప్పొద్దన్నాడు డాక్టరు. చీము పడుతుందన్నాడు.”

“బలవంతం చేసే అధికారం నాకు లేదు,” అన్నాడు డిటెక్టివ్. ఆయన చూస్తున్నది తమ్ముణ్ణి కాదు, ఓనరమ్మని. “ఆ అధికారం ఉన్నవాళ్లు ఎవరైనా చెబితే తప్ప.”

ఆయనకి తెలుసు. తనకి తెలుసని కూడా ఆయనకి తెలుసు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. చెబితే లైసెన్సు పోతుంది, తమ్ముడు పోతాడు, పరువు పోతుంది. చెప్పకపోతే ఏం పోతుంది?

ఆఫీసరు లక్క వెలిగించడానికి అగ్గిపుల్ల గీశాడు. ఆ చిన్న చప్పుడుకి హాలు ఎంత నిశ్శబ్దంగా ఉందో ఆవిడకి తెలిసింది. పొద్దున ఇంత నిశ్శబ్దం లేదు. పొద్దున తను తాళం తీసి లోపలికొచ్చినప్పుడు కాళ్ల కింద దబ్... దబ్... అని ఏదో కొట్టుకుంటోంది. ఏంట్రా ఆ చప్పుడంటే, మోటారు వదులైందక్కా, మెకానిక్‌ని పిలిచా అన్నాడు తమ్ముడు. సరే అనుకుని గల్లా తుడుచుకుంది. పూలకుండీకి నీళ్లు పోసింది. ఆ చప్పుడు అలా ఆగి ఆగి వస్తూనే ఉంది. డిటెక్టివ్ వచ్చేసరికి ఆగిపోయింది.

మోటారు రాత్రే ఆపేశానన్నాడు వాడు.

రాత్రి ఆపేసిన మోటారు పొద్దున ఎలా కొట్టుకుంది?

ఓనరమ్మ తన కాళ్ల కింది నేల వైపు చూసింది. పూలకుండీకి నీళ్లు పోసింది తను. కింద మనిషి కొట్టుకుంటుంటే, పైన నిలబడి మొక్కకి నీళ్లు పోసింది.

“ఎడమ చెయ్యి,” అంది. “చిటికెన వేలు. నేనే పెట్టించాను, మామ వేళ్లు పడక. దొంగ హాజరు నాది. కేసు నా మీద రాసుకోండి. ముందు వాడి కట్టు విప్పించండి.”

“అక్కా!” అన్నాడు తమ్ముడు.

“నన్ను అక్కా అనకు.”

డిటెక్టివ్ కదిలేలోపే ఆవిడ వాడి చెయ్యి పట్టుకుంది. చిన్నప్పుడు స్నానానికి ఈడ్చుకుపోయిన పట్టే అది. ఆ పట్టుకి వాడు అప్పుడూ ఎదురు తిరగలేదు, ఇప్పుడూ తిరగలేదు. గుడ్డ చుట్లు చుట్లుగా ఊడి కింద పడింది. కాలిన బొబ్బ లేదు. అరచేతి అంచున పళ్ల గాట్లు, నల్లగా కమిలి ఉన్నాయి. చిటికెన వేలికి ఏమీ కాలేదు. దాన్ని పట్టుకుని ఆవిడే డబ్బా మీద నొక్కింది.

‘థాంక్యూ’ అంది ఆడగొంతు. తెర మీద పదకొండు.

ఆ మర్యాద వినగానే ఓనరమ్మ వాడి వేలు విదిలించి వదిలేసింది.

“ఎక్కడున్నాడ్రా?”

“కిందే.” తమ్ముడు గోడకి జారి కూలబడ్డాడు. “నేను చంపలేదక్కా. పై వాళ్లకి చెబుతానన్నాడు, మళ్లీ తోముకోవడానికి పోయాడు. నేను ఒకాయనకి ఫోన్ చేసి అడిగితే, ఒక్క రాత్రి లోపల ఉంచు, పొద్దున నేనొచ్చి మాట్లాడి దారికి తెస్తానన్నాడు. నోరు మూస్తే మామ నన్ను కరిచాడు. రాత్రంతా తలుపు కొడుతూనే ఉన్నాడు. తెల్లారాక కూడా కొట్టాడు. ఇందాకటి నించి... ఇందాకటి నించి చప్పుడు లేదక్కా.”

వెనక మెట్ల మీంచి లోపలికొచ్చిన మామ పెళ్లాం చేతుల్లోంచి చెప్పులు జారి పడ్డాయి.

డిటెక్టివ్ అప్పటికే క్రేట్లు లాగి పడేస్తున్నాడు. సీసాలు పగిలి నడవా నిండా చిందాయి. ఓనరమ్మ గాజు ముక్కల మీదే మెట్లు దిగింది. కింద మందపాటి ఇనుప తలుపు, అంచుల చుట్టూ గాలి కూడా దూరకుండా రబ్బరు. ఐసు కరగకుండా ఒకప్పుడు ముచ్చటపడి చేయించిన తలుపు అది. దానికి కొత్త తాళం వేలాడుతోంది.

“తాళంచెవి ఏదిరా?” పైకి అరిచింది. “మాట్లాడి దారికి తెస్తానన్నది ఎవడు?”

“వాటా తీసుకునేవాడే,” అన్నాడు తమ్ముడు పైనించి ఏడుస్తూ. “రాత్రే వచ్చి తాళంచెవి తనతో పట్టుకుపోయాడు. సీలు వేసేస్తే ఎవరూ చూడరన్నాడు. నిన్ను ఒప్పించే పూచీ నాదన్నాడు.”

డిటెక్టివ్ రెండు అంగల్లో హాల్లోకి పరిగెత్తాడు. గల్లా బల్ల మీద లక్క కరుగుతూ ఉంది. అగ్గిపెట్టె ఉంది. గుడ్డ పట్టీలు ఉన్నాయి. ఆఫీసరు లేడు, తోలు సంచీ లేదు. వీధిలో కారు స్టార్టయి దూరమైన చప్పుడు కింద మెట్ల దాకా వినిపించింది.

“గ్యాస్ వెల్డింగ్ కొట్టుకి ఫోన్ చెయ్యండి, ఇనుము కోసే మనిషి కావాలి! అంబులెన్సు!” డిటెక్టివ్ అరుస్తున్నాడు. ఎవరికి చెబుతున్నాడో ఆయనకే తెలియదు. జలగ గొంతులో కంగారు ఎవరూ ఎప్పుడూ విని ఉండరు.

ఓనరమ్మ తలుపుకి చెవి ఆనించింది. ఇనుము చల్లగా ఉంది. లోపల ఏమీ లేదు. ఊపిరి బిగబట్టి విన్నది. తన గుండె చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

“మామా,” అంది. అరచేత్తో కొట్టింది. “మామా, నేను. విన్నాను మామా. ఆలస్యంగా విన్నాను.”

జవాబు లేదు. పక్కన మామ పెళ్లాం నేల మీద కూర్చుని, తలుపు అంచు రబ్బరుని గోళ్లతో పీకుతోంది. ఓనరమ్మ మళ్లీ కొట్టింది. చెయ్యి వాచేదాకా కొట్టింది.

అప్పుడు తలుపు అవతల, చాలా కిందుగా, నేల పక్కన,

దబ్.

ఒక్కటే.

ఓనరమ్మ మోకాళ్ల మీద పడి, ఆ చప్పుడు వచ్చిన చోట నుదురు ఆనించింది.

“ఉన్నావు మామా,” అంది ఏడుస్తూ. “ఉన్నావు. నువ్వున్నావని నాకు తెలుసు. కొడుతూ ఉండు, ఆపకు.”